రాగం పెట్టి అడిగిన చాయ్

మా బాపు డానియేలు ఆర్టీసీలో కండక్టరు. ఇంట్లో కూడా కండక్టరే. అన్నానికి ఎవరు ఎక్కడ కూర్చోవాలో, ఫ్యాను ఎప్పుడు ఆపాలో, చర్చికి ఎన్నింటికి బయలుదేరాలో అన్నీ ఆయన నోటినుంచే రావాలి. రోజూ కుటుంబ ప్రార్థన కూడా ఆయనే చేసేవాడు. అది స్తోత్రంతో మొదలై, మధ్యలో చాంద్రాయణగుట్ట ట్రాఫిక్కును, పెరిగిన ఉల్లిగడ్డ ధరను, మా బడి హెడ్‌మాస్టరును కూడా దేవుడి దృష్టికి తీసుకెళ్లి, కూర చల్లారాక ఆమెన్ దగ్గర ఆగేది. మా అమ్మ లీలమ్మ కళ్లు మూసుకుని వింటూ ఉండేది. నేను సంతోష్‌నగర్‌లో ఒక ప్రైవేటు బడిలో పిల్లలకు లెక్కలు చెబుతాను. పొద్దంతా గొంతు చించుకుని ఇంటికొస్తే, ఇక్కడ ఇంకో పెద్ద గొంతు నాకోసం ఎదురుచూస్తూ ఉండేది. "భాగ్యా, ఇయ్యాల బస్సుల ఏమైందో ఎర్కనా?"

అట్లాంటి మనిషికి ఫిబ్రవరిలో ఒక పొద్దున మాట పోయింది.

పళ్లు తోముకుంటూ తువ్వాల కోసం అమ్మను పిలవబోయాడు. పిలుపు రాలేదు. కుడిచేతిలోంచి బ్రష్షు జారిపడింది. మూతి ఒక పక్కకు వంగింది. కింది వాటాలో ఉండే మున్నీ ఆంటీ చెప్పుల్లేకుండా పరుగెత్తి ఆటో తెచ్చింది. మా ఇంటికి ఎదురుగా బర్రెలు పెట్టుకుని పాలు పోసే మల్లన్న బాబాయి బాపును చంటిపిల్లాడిలా ఎత్తుకుని మెట్లు దించాడు. ఆస్పత్రిలో పక్షవాతం అన్నారు. వేళకు తెచ్చారు కాబట్టి గండం గడిచింది అన్నారు. ఇంటికి పంపేనాటికి కాలు బాగానే కదులుతోంది, చెయ్యి కొంచెం కొంచెం కదులుతోంది. మాటల్లో మాత్రం ఒక్కటే మిగిలింది. "అది."

నీళ్లు కావాలన్నా "అది." కిటికీ మూయమన్నా "అది." మేం చెప్పేదంతా ఆయనకు అర్థమవుతోంది. తను చెప్పాల్సింది కూడా తలలో ఉంది. నాలుక దాకా రావడం లేదు, అంతే. మొదట్లో కోపం వచ్చేది. ఆయన నీళ్లడిగితే నేను దుప్పటి తెచ్చి కప్పబోయాను, దాన్ని మంచం కిందికి తన్నేశాడు. తర్వాత్తర్వాత కోపం తెచ్చుకోవడం కూడా మానేశాడు. గోడవైపు తిరిగి పడుకునేవాడు. చూడవచ్చినవాళ్లు ఆయన వీపును పలకరించి వెళ్లిపోయేవారు. సాయంత్రం ప్రార్థన వేళకు అమ్మా నేనూ చాప మీద కూర్చుని, ఎవరు మొదలుపెట్టాలో తెలియక, మనసులోనే ఏదో అనుకుని లేచేవాళ్లం.

ఆ ఏడు రంజాను, మా శ్రమదినాలు దాదాపు కలిసే వచ్చాయి. ఈస్టరుకు ముందు ఆ కొన్ని వారాలూ ఒక్కో సాయంత్రం ఒక్కో ఇంట్లో కూడుకుని ప్రార్థన చేసుకోవడం మా చర్చి అలవాటు. మా వంతు ఒక శుక్రవారం వచ్చింది.

"పాస్టరు అయ్యగారు ఫోన్ జేసిండు," అంది అమ్మ బాపుకు అన్నం తినిపిస్తూ. "మీ ఇంట్ల పెట్టుకుందామా, వద్దా అని అడిగిండు. రమ్మన్న."

బాపు ముద్ద మింగకుండానే ఎడమచేత్తో తలుపు చూపించాడు. "అది! అది!" అన్నాడు. ఎవరూ రావద్దని. అయ్యగారు కూడా వద్దని.

అమ్మ పళ్లెం కింద పెట్టింది. ఆయన మాటకు ఆమె ఎదురు చెప్పగా నేనెప్పుడూ చూడలేదు.

"ఈసారి నీ మాట నడ్వదు," అంది. "నీకిప్పుడు మాటే లేదు గదా."

అనేసి, నాలుక కరుచుకుంది. బాపు ఆమెను గుడ్లప్పగించి చూశాడు. కాసేపటికి ఆయన భుజాలు కదలసాగాయి. ఏడుస్తున్నాడేమోనని దగ్గరికి వెళ్లాను. నవ్వుతున్నాడు! వంకర మూతితో, కళ్లవెంట నీళ్లు కారేలా నవ్వుతున్నాడు. అమ్మ కూడా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది. ఇద్దరూ చాలాసేపటిదాకా ఆపలేకపోయారు. మిగిలిన అన్నం కాకులకు పెట్టాల్సి వచ్చింది.

శుక్రవారం సాయంత్రం మా చిన్న హాలు నిండిపోయింది. చెప్పులు మెట్లదాకా వరస కట్టాయి. మున్నీ ఆంటీ ఉపవాసం విడిచి, ఒక పళ్లెంలో ఖర్జూరాలు తెచ్చి పెట్టి, "మై బాహర్ బైఠ్‌తూఁ భాభీ," అంటూ గడప పక్కన కూర్చుంది. మల్లన్న బాబాయి చాయ్‌కి పాలు తెచ్చి, క్యాను పట్టుకునే ఒక మూల నిలబడ్డాడు. బాపును కుర్చీలో కూర్చోబెట్టాం. ఆయన తల దించుకుని తన కుడిచేతిని చూసుకుంటున్నాడు.

అందరూ వచ్చారు, అయ్యగారు తప్ప. చాంద్రాయణగుట్ట ఫ్లైఓవరు కింద బండి పంక్చరైందట. "మీరు మొదలుపెట్టుండ్రి, నేనొస్తున్న," అని ఫోన్ చేశాడు.

మొదలుపెట్టడం అంటే ప్రార్థన. మా ఇంట్లో ప్రార్థన అంటే బాపు. అలవాటుకొద్దీ అందరి కళ్లూ ఆయన కుర్చీ మీదికి వెళ్లాయి. వెళ్లి, తప్పు చేసినట్టు కిందికి వాలాయి.

అప్పుడు అమ్మ గొంతు సవరించుకుంది.

"ప్రభువా," అంది. "నాకు మంచిగ మాట్లాడరాదు. ఇన్నేండ్లు ఈయననే మాట్లాడిండు, నీకు ఎర్కనే. ఈయనకు మాటియ్యి. ఇయ్యకపోయినా నీ మీద అలగం. గని ఈ మనిషి మొఖం గోడ దిక్కు తిప్పుకుంటుండు తండ్రీ. జర ఇటు తిప్పు. గంతే. ఆమెన్."

అంత చిన్న ప్రార్థన మా ఇంట్లో ఎవరూ ఎన్నడూ వినలేదు. ఆమెన్ అనడానికి ఎవరూ సిద్ధంగా కూడా లేరు. గడప దగ్గర మున్నీ ఆంటీయే ముందు "ఆమీన్" అంది. ఆ వెనక అందరూ అన్నారు.

తర్వాత పాట. మా నాయనమ్మకు చదువు రాదు. గౌలిపుర కొట్టాల్లో పిడకలు చేస్తూ ఆమె కట్టుకున్న పాట ఒకటుంది. ఏ పుస్తకంలోనూ లేదు, మా చర్చివాళ్లకు తప్ప ఎవరికీ రాదు. బాపు ఆ పాట వింటూ పెరిగాడు. అమ్మ అదే ఎత్తుకుంది.

"తెల్లవారె నీ దయ నా తలుపు తట్టెనయ్యా
చల్లనైన నీ చేయి నా తలను తాకెనయ్యా…"

చప్పట్లు కలిశాయి. రెండోసారి పల్లవికి వచ్చేసరికి నా పక్కనుంచి ఇంకో గొంతు వినిపించింది. బొంగురుగా ఉంది, కొంచెం శ్రుతి తప్పింది. కానీ మాటలు స్పష్టంగా ఉన్నాయి. తలుపు. చల్లనైన. చేయి. బాపు కళ్లు మూసుకుని, ఎడమచేత్తో మోకాలి మీద తాళం వేసుకుంటూ పాడుతున్నాడు.

మా గొంతులు ఒక్కొక్కటే ఆగిపోసాగాయి. అమ్మ చెయ్యి ఊపింది. "ఆపొద్దు, ఆపొద్దు! పాడుండ్రి!"

పాడాం. పాట అయిపోతే మళ్లీ మొదటినుంచి పాడాం. అది ఎన్నిసార్లు తిరిగిందో ఎవరూ చూసుకోలేదు. అయ్యగారు హెల్మెట్ చేతిలో పట్టుకుని మెట్ల మీదికి వచ్చి, లోపలి సంగతి చూసి, చెప్పులు విప్పడం కూడా మరిచిపోయి అక్కడే పాట అందుకున్నాడు. చివరికి ఊపిరి చాలక అందరం ఆగాం. బాపు కళ్లు తెరిచాడు. ఏదో చెప్పబోయాడు.

"అది," అన్నాడు.

తనే విస్తుపోయి, తన నోరు ఎడమచేత్తో తడిమి చూసుకున్నాడు.

"అన్నా, ఫికర్ జెయ్యకు," అన్నాడు మల్లన్న బాబాయి మూలనుంచి. "మాట యాడికి పోతది? పాట వచ్చింది గదా, దాని తోక వట్టుకోని వస్తది."

మర్నాడు ముగ్గురం సంతోష్‌నగర్‌లో స్పీచ్ థెరపీకి వెళ్లినప్పుడు ఈ సంగతి అక్కడ థెరపీ చేసే అమృతగారికి చెప్పాను. ఆమెది కాకినాడ. వయసులో నాకన్నా చిన్నదానిలాగే ఉంటుంది. విన్నదే తడవుగా కుర్చీ ముందుకు లాక్కుంది.

"ఏదీ అంకుల్, నాకోసం ఒక్కసారి పాడండి."

బాపు పాడాడు. ఆమె మొహం వెలిగిపోయింది.

"చాలా మంచి సంగతండీ. మాటకి మెదడులో ఎడమవైపు ఎక్కువ పని చేస్తుంది. అంకుల్‌కి దెబ్బ తగిలింది అక్కడే. పాటకి కుడివైపు కూడా సాయం వస్తుంది. మీరు బస్సులో పనిచేశారు కదా అంకుల్! మెయిన్ రోడ్డు మూసేస్తే ఏం చేస్తారు? గల్లీలోంచి తిప్పుతారు కదా. మనమూ అంతే. ఇంట్లో చిన్న చిన్న అవసరాలన్నీ ఆ రాగంలోనే అడిగించండి. చేత్తో తాళం వేయిస్తూ ఉండండి. మెల్లగా రాగం తగ్గిద్దాం." ఆగి, అమ్మవైపు చూసింది. "మాట మొత్తం తిరిగి వస్తుందని నేను చెప్పలేను ఆంటీ. అందరికీ ఒకేలా రాదు. కానీ దారి దొరికింది."

"దారి చూపినోడు నడిపియ్యడా బిడ్డా?" అంది అమ్మ. "నువ్వు ఎట్ల చెప్తే అట్ల చేస్తం. నేను మోకాళ్ల మీద అడుగుత, నువ్వు తాళమెయ్యి."

మొదటి పాఠం చాయ్. పొద్దున అమ్మ ఖాళీ కప్పు పట్టుకుని ఎదురుగా కూర్చుంది. బాపు ఎడమచేత్తో మోకాలు తట్టాడు. నాయనమ్మ రాగం ఎత్తుకున్నాడు.

"చాయ్… చాయ్ కావాలెనయ్యా…"

రాగం చివర 'అయ్యా' లేనిదే ఆగదు. దాంతో ఆ రోజునుంచి మేమంతా ఆయనకు అయ్యలమైపోయాం. "తువ్వాల ఇయ్యవయ్యా" అని నన్ను అడిగేవాడు. "ఫ్యాను తగ్గించవయ్యా" అని అమ్మను. మేం కూడా అదే రాగంలో జవాబు చెప్పేవాళ్లం. గల్లీలో నడిచేవాళ్లు మా ఇంట్లో పొద్దస్తమానం భజన జరుగుతోందనుకున్నారు. రంజాను పండగనాడు బాపు గోడ పట్టుకుంటూ మెట్లదాకా నడిచి, కిందికి వంగి, "షీర్ ఖుర్మా కావాలెనయ్యా!" అని ఎత్తుకున్నాడు. కిందనుంచి మున్నీ ఆంటీ నవ్వు ఆపుకోలేక, "లాయీ భాయ్, అభీ లాయీ," అని అదే రాగంలో బదులిచ్చింది. గిన్నె నిండా తెచ్చింది.

అమ్మకు మాత్రం ఒక దిగులు పట్టుకుంది. ఒక ఆదివారం ఆరాధన అయ్యాక అయ్యగారిని పక్కకు పిలిచింది.

"అయ్యగారూ, దేవుని పాట అది. ఈయన దాంతోని చాయ్ అడుగుతుండు, బెండకాయ కూర వద్దంటుండు. పాపం తగులుతదా?"

అయ్యగారు చాలా గంభీరంగా ఆలోచించాడు.

"లీలమ్మా, మన ప్రభువు కొండ మీద వాక్యం చెప్పినంక ఆకలైనోళ్లకు రొట్టెలు, చేపలు పెట్టిండా లేదా?"

"పెట్టిండు."

"చాయ్ ఎందుకు వద్దంటడు మరి? బెండకాయ సంగతి నాకు తెల్వది. అది మీ ఇద్దరి మధ్య."

ఏప్రిల్ ఎండలు ముదిరాయి. ఒకరోజు థెరపీనుంచి తిరిగొస్తూ చాంద్రాయణగుట్ట దగ్గర బస్సెక్కాం. ఎక్కాక తెలిసింది, అది బాపు పనిచేసిన రూటు బస్సే. డ్రైవరు రామలింగం బాపుతో ఏళ్ల తరబడి డ్యూటీ చేసినవాడు. అద్దంలో చూసి, బస్సు పక్కకు ఆపి, లేచి వచ్చి బాపును వాటేసుకున్నాడు.

"అన్నా! ఎట్లున్నవే?"

రోజూ ఎక్కే ప్రయాణికులు కూడా గుర్తుపట్టారు. "కండక్టర్ సాబ్!" అంటూ చుట్టూ చేరారు. బాపు నోరు తెరిచాడు.

"అది," అన్నాడు.

బస్సంతా నిశ్శబ్దమైపోయింది. రామలింగం కళ్లు తుడుచుకుని, ఆ నిశ్శబ్దాన్ని ఎట్లా అయినా పోగొట్టాలని, "పాడన్నా! పాటతోని మాట్లాడుతున్నవంట గదా, వదిన చెప్పింది. ఒక్కటి పాడు!" అన్నాడు. ఎవరో నవ్వారు. అందులో ఎగతాళి లేదు, ప్రేమే. కానీ బాపు చెవులు ఎర్రబడ్డాయి. నా చెయ్యి పట్టుకుని తర్వాతి స్టాపులో దిగిపోయాడు. మిగతా దారంతా నడిచాం.

ఇంటికొచ్చి గోడవైపు తిరిగి పడుకున్నాడు.

పాట ఆగిపోయింది. చాయ్ పెడితే తాగాడు, లేకపోతే లేదు. అమృతగారి దగ్గరికి రానన్నాడు. ఈస్టరుకు ముందు వచ్చే మట్టల ఆదివారం చర్చికి కూడా రాలేదు. మేం తెచ్చిన ఈతమట్టను మంచం కోడుకు కట్టాం. దానివైపు కూడా చూడలేదు. ఇల్లు మళ్లీ ఫిబ్రవరిలోకి వెళ్లిపోయిందనిపించింది. అమ్మ ఏడవలేదు. అప్పటికి ఆమెకు ఒక అలవాటు పడింది, రోజూ సాయంత్రం బాపు మంచం పక్కన చాప వేసుకుని పైకే ప్రార్థన చేయడం. మొదట్లో నాలుగు మాటల్లో అయిపోయేది. ఇప్పుడు పెరిగింది. బాపు అలిగిన ఆ వారంలో ఇంకా పెరిగింది.

"ప్రభువా, ఈయన మళ్ల గోడను చూస్తుండు," అని మొదలుపెట్టింది ఆ బుధవారం. నేను పక్కనే కూర్చుని ఉన్నాను. "ఆ గోడ మీద ఏమున్నదో నాకైతే తెల్వది, సున్నం గూడ ఊడిపోయింది. రామలింగం మంచిగనే అన్నడు, ఈయనకు రోషమొచ్చింది. రోషం మంచిదే తండ్రీ, మనిషి బతికున్నట్టు. భాగ్యకు బడిల పేపర్లు దిద్దే పని మస్తున్నది, దాని కండ్లకు బలమియ్యి. మున్నీ మోకాలి నొప్పి తగ్గించు. మల్లన్నను దీవించు ప్రభువా. మాకు కష్టమొచ్చిన కాడినుంచి ఒక్కపూట తప్పకుండ పాలు పోస్తుండు. మంచి చిక్కటి పాలు…"

"నీళ్లు."

నేను కళ్లు తెరిచాను. అమ్మ తెరవలేదు.

గోడవైపునుంచి మళ్లీ వచ్చింది. రాగం లేదు. తాళం లేదు. ఒక్కో మాటా బరువు మోసినట్టు వచ్చింది.

"పాలల్ల… నీళ్లు."

అమ్మ రెప్పలు వణికాయి. కానీ గొంతు ఆగలేదు.

"ఆ నీళ్లను గూడ దీవించు తండ్రీ," అంది. "ఆమెన్."

మర్నాడు పొద్దున పాలు పోయడానికి వచ్చిన మల్లన్న బాబాయికి నేనే చెప్పాను. ఆయన క్యాను మెట్ల మీద పెట్టేసి లోపలికి పరుగెత్తాడు.

"అన్నా! నా పాలను తిట్టినవంట! ఇంకోసారి తిట్టు!"

బాపు ఆయన్ని పైనుంచి కిందిదాకా చూశాడు. పెదవులు కూడదీసుకున్నాడు.

"నీళ్లు," అన్నాడు గట్టిగా.

మల్లన్న బాబాయి గల్లీలో ఇంటింటికీ తిరిగి, తన పాలలో నీళ్లున్నాయని డానియేలన్న అన్నాడని తనే చాటింపు వేశాడు. బేరం తగ్గుతుందేమోనన్న ధ్యాస కూడా లేదు. ఆ మధ్యాహ్నం బాపు ఎవరూ చెప్పకుండానే చొక్కా వేసుకుని, అమృతగారి దగ్గరికి వెళ్దామన్నట్టు చెప్పుల దగ్గర నిలబడ్డాడు.

ఇప్పుడు చిన్న మాటలు మాట్లాడతాడు, పెద్దవాటికి ఇంకా రాగం తీస్తాడు. డిపోలో కూర్చుని చేసే పని ఇచ్చారు. అవన్నీ తర్వాతి సంగతులు. ఆ ఈస్టరు నాటికి ఆయన దగ్గర ఉన్నవి గుప్పెడు మాటలే.

ఈస్టరు నాడు ఇంకా వెలుగు రాకముందే చర్చికి బయలుదేరాం. బాపు తెల్లచొక్కా గుండీలు ఎడమచేత్తో తనే పెట్టుకున్నాడు. మున్నీ ఆంటీ, మల్లన్న బాబాయి కూడా వచ్చి వెనక బెంచీలో కూర్చున్నారు. పాటలయ్యాయి, వాక్యం అయింది. కిటికీల్లోంచి ఎండ లోపలికి వచ్చింది. దేవుడు తమకు చేసిన మేలు గురించి సాక్ష్యం చెప్పేవాళ్లు చెప్పవచ్చని అయ్యగారు అన్నాడు. ప్రతి ఈస్టరుకూ ముందుగా లేచేది బాపే. ఆయన సాక్ష్యం పొడవుకు భయపడి కొందరు పిల్లలకు బిస్కెట్లు తెచ్చుకునేవారు.

ఎవరూ ఆయనవైపు చూడకుండా జాగ్రత్తపడ్డారు. కానీ ఆయన లేచాడు. ముందు బెంచీ పట్టుకుని నిలబడ్డాడు. అయ్యగారు మైకు తెచ్చి ఆయన నోటి దగ్గర పట్టుకున్నాడు. పాట ఎత్తుకుంటాడని అందరం అనుకున్నాం. అందుకోవడానికి నేను గొంతు కూడా సవరించుకున్నాను.

బాపు ఎడమచేత్తో మైకు తీసుకున్నాడు. పక్కకు తిరిగి, దాన్ని అమ్మ చేతిలో పెట్టాడు.

"లీలమ్మ… చెప్తది," అన్నాడు.

అమ్మ బిత్తరపోయి లేచింది. మైకు దగ్గరగా పెట్టుకుంటే కీచుమంది, దూరం జరుపుకుంది. కొంగు సర్దుకుంది. ఒక్క మాట చెప్పి కూర్చుంటుందనుకున్నాం. ఫిబ్రవరి పొద్దునతో మొదలుపెట్టి, ఆస్పత్రి, గోడ, శుక్రవారం, అమృతమ్మ, ఒక్కటి వదలకుండా చెప్పుకుంటూ పోయింది. నవ్వించింది, తనూ నవ్వింది, మధ్యలో ఒకసారి కళ్లు తుడుచుకుంది. ఎండ బెంచీల మీదికి పాకింది. అయ్యగారు ఒకసారి గడియారం చూసుకుని, మెల్లగా మైకువైపు అడుగు వేశాడు.

బాపు ఎడమచెయ్యి ఎత్తి ఆయన్ని ఆపాడు.

అమ్మ చెబుతూనే ఉంది.